ఇంజన్ కన్నా ముందు సి-బుక్కు

విశాఖలో వన్‌టౌన్, అల్లిపురం, మహారాణిపేట వైపు పాత ఇళ్ల మెట్ల కింద, వసారాల్లో పట్టా కప్పిన మోటార్‌సైకిళ్లు ఇంకా ఉన్నాయి. ఎక్కువగా బుల్లెట్లు, జావాలు, రాజ్‌దూత్‌లు. ఇంటి పెద్దాయన పోయాకో, ఇల్లు అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేటప్పుడో అవి బయటపడతాయి. బాగుచేయించి నడుపుదామని ఒకరంటారు. పదిహేనేళ్లు దాటిన బండి ఇంకెక్కడ నడుస్తుంది, పాతసామాన్లకి వేసేయమని ఇంకొకరంటారు. ఆ రెండో మాటకి ఎన్నో మంచి బళ్లు ముక్కలైపోయాయి. ఆ మాట తప్పు.

పదిహేనేళ్లు నిండిన బండి రోడ్డెక్కకూడదన్నది ఢిల్లీ ప్రాంతానికి సంబంధించిన నిషేధం. 2014లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఇచ్చిన ఆదేశంతో మొదలై, 2018లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. విశాఖకు దానితో పనిలేదు. ఇక్కడ పదిహేనేళ్లకి తీరిపోయేది రిజిస్ట్రేషన్ గడువు మాత్రమే. 1989 జూలై 1న అమల్లోకి వచ్చిన 1988 మోటారు వాహనాల చట్టంలోని 41వ సెక్షన్ ప్రకారం సొంత వాహనానికి మొదటి గడువు 15 ఏళ్లు. తనిఖీలో బండి బాగుందని తేలితే ఆ తర్వాత ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. అలా ఎన్నిసార్లయినా పొడిగించుకోవచ్చు.

మరి చిక్కెక్కడ వస్తోంది? బండి మూలన పడి ఉన్న కాలంలో కాగితాల లోకం చాలాసార్లు మారిపోయింది. చిక్కంతా అక్కడే.

ఈ ఊరికి బళ్లు వచ్చిన తీరు చూస్తే సంగతి తెలుస్తుంది. 1933లో పోర్టు మొదలైంది. యుద్ధకాలంలో సింధియా వారి నౌకా నిర్మాణ కేంద్రం, 1957లో కాల్టెక్స్ రిఫైనరీ, 1968లో తూర్పు నౌకాదళ కమాండ్ వచ్చాయి. వీటితో పాటు రైల్వే ఉండనే ఉంది. జీతాలున్న ఊరు, బదిలీలున్న ఊరు. మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో 1955 నుంచి ఎన్‌ఫీల్డ్ ఇండియా, 1960ల మొదట్లో మైసూరులో ఐడియల్ జావా బళ్లు తయారుచేశాయి. అలా ఈ ఊరి బళ్లు కొన్ని ఇక్కడే రిజిస్టరయ్యాయి, కొన్ని వేరే రాష్ట్రాల నంబర్లతో బదిలీ సామానుతో దిగాయి. అలా దిగినవాటిలో, మొదటి రాష్ట్రం నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, తెప్పించుకోకుండానే ఉండిపోయినవీ ఉన్నాయి.

ఇక్కడ రిజిస్టరైన బళ్లదీ తిన్నని దారి కాదు. 1953కి ముందువి మద్రాసు రాష్ట్రపు నంబర్లు. తర్వాత ఆంధ్ర రాష్ట్రం, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్. 1979లో విజయనగరం జిల్లా విడిపోయింది. 1988 చట్టం తర్వాత విశాఖ బళ్ల నంబర్లకు ఏపీ 31 కోడ్ వచ్చింది, 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అయింది. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు ఏర్పడ్డాయి. ఈ మధ్యలో చేతిరాత రిజిస్టర్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. రోడ్డు మీద తిరుగుతూ, రెన్యువల్‌కో పేరు మార్పుకో రవాణా ఆఫీసు మెట్లెక్కిన బండి కంప్యూటర్‌లోకి ఎక్కింది. మెట్ల కింద ఉన్న బండి పాత రిజిస్టర్లోనే ఉండిపోయింది. నంబరు కొడితే ఏమీ రాదు. ఆ వివరాలను ఇప్పుడు కొత్తగా ఎక్కించడాన్నే బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటున్నారు. దానికి ఆధారం ఆనాటి సి-బుక్కు, అంటే బండి రిజిస్ట్రేషన్ పుస్తకం.

అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పేది షెడ్డుకి వెళ్లొద్దనే. ముందు బీరువా, ట్రంకుపెట్టె, పాత ఎల్‌ఐసీ ఫైళ్లు వెతకండి. సి-బుక్కు, పన్ను కట్టిన రశీదులు, పాత ఇన్సూరెన్స్ కాగితం, ఏది దొరికినా మేలే. సి-బుక్కు పోతే పోలీసు ఫిర్యాదుతో ఫారం 26 మీద డూప్లికేట్ అడగాలి. యజమాని చనిపోయి ఉంటే మరణ ధ్రువపత్రంతో, వారసులందరి సమ్మతితో పేరు మార్పుకి ఫారం 31. గడువు పొడిగింపుకి ఫారం 25. ఆలస్యమైన కాలానికి అపరాధ రుసుము, పాత బండి కాబట్టి హరిత పన్ను అదనం.

2021 జూలైలో కేంద్రం పాత బళ్లకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, అసలు రూపం మారని సొంత వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేస్తారు. రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అక్షరాలు వస్తాయి. ఇదివరకే నంబరున్న బండి పాత నంబరునే ఉంచుకోవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, మళ్లీ నమోదుకు 5,000, గడువు పదేళ్లు. పాత బండి కూడా ఒక వారసత్వమని చట్టం ఒప్పుకుందని నాకు నిజంగా సంతోషం వేసింది. అయితే ఈ దారి అందరికీ కాదు. వింటేజ్ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే బయటికి తీయాలి. నాన్నగారి బుల్లెట్టు మీద ఆదివారం భీమిలి దాకా వెళ్లాలనుకునేవారికి మామూలు రెన్యువలే సరైనది. పెట్రోలు భారమై డీజిల్ ఇంజన్ బిగించిన బుల్లెట్టు అసలు వింటేజ్ కిందికే రాదు. యాభై ఏళ్ల వయసు రుజువు చేయాలన్నా మళ్లీ ఆ సి-బుక్కే కావాలి.

ఇక ఇనుము సంగతి. విశాఖ ఉప్పుగాలికి ముందు పోయేవి రిమ్ములు, స్పోకులు, సైలెన్సరు, టాంకు లోపలి గోడలు. వీటికి మందుంది. హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీద కొట్టిన చాసిస్ నంబరు పోతే మాత్రం తేలికైన మందు లేదు. తుప్పు గీకేటప్పుడు గ్రైండర్ తగిలినా, పౌడర్ కోటింగ్ మందంగా పడినా అది చెరిగిపోతుంది. చెరిగిన నంబరు దొంగబండి అనుమానానికి దారి. కాబట్టి రంగు పనికి ఇచ్చే ముందే చాసిస్, ఇంజన్ నంబర్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసి, ఫొటోలు దాచుకోవాలి.

దొరికిన రోజే కిక్కు కొట్టాలనిపిస్తుంది, కొట్టొద్దు. ప్లగ్గు తీసి సిలిండర్లోకి నూనె పోసి కొన్నాళ్లు నాననిచ్చి, గేరులో వేసి వెనక చక్రంతో మెల్లగా తిప్పి చూడాలి. పిస్టన్ రింగులు పట్టేసిన ఇంజన్‌ని బలవంతంగా తన్నితే సిలిండర్ లోపలి గోడ గీతలు పడుతుంది. పాత బుల్లెట్లలో ఆయిలు కిందికి జారి ఇంజన్ అడుగు పెట్టె (క్రాంక్‌కేసు)లో నిండి ఉంటుంది, దాన్ని తీసేయాలి. జావా లాంటి టూ స్ట్రోక్‌లో క్రాంక్ రబ్బరు సీళ్లు ఎండిపోయి గాలి లాగుతాయి, మార్చక తప్పదు. పెట్రోలు కూడా మారింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో సీసం కలిపిన పెట్రోలు లేదు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ ఉంది. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరు పైపులను, కార్బ్యూరేటర్ వాషర్లను మెత్తబరుస్తుంది. సముద్రపు తేమ ఉన్న ఊళ్లో నెలల తరబడి టాంకులో పెట్రోలు నిలవ ఉంచడం టాంకుకి చేటు.

అన్నీ అయ్యాక ఇన్సూరెన్స్, తనిఖీ. ఏళ్లు గడిచిన పాలసీని కొత్తగా ఇచ్చేముందు కంపెనీ బండిని చూస్తానంటుంది, చూపించండి. తనిఖీ చేసే బ్రేక్ ఇన్‌స్పెక్టరు దగ్గరికి మాత్రం బండిని నడుపుకుంటూ వెళ్లకండి. చెల్లే రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డెక్కితే మొదటిసారి 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది, ప్రమాదం జరిగితే భారమంతా మీదే. ట్రాలీ ఆటో మీద కట్టి తీసుకెళ్లి, లైట్లు, హారను, బ్రేకులు అక్కడే చూపించి, మళ్లీ దాని మీదే ఇంటికి తెచ్చుకోండి.