బొమ్మ గీస్తే విగ్రహం చేసినట్టేనా? సండే స్కూల్‌లో ఎప్పుడూ ఎదురయ్యే అపోహలు

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర ఒక చెల్లెమ్మ నన్ను పక్కకు పిలిచింది. చేతిలో వాళ్ల పాప డ్రాయింగ్ నోట్‌బుక్. "వందనాలు అక్కా. మా పిల్ల ఎప్పుడు జూసినా బొమ్మలే గీస్తది. ఉపవాస కూడికల ఒకామె చెప్పింది, బొమ్మ గీసుడంటే విగ్రహం చేసుడేనట. చింపెయ్యాల్నా?" అని అడిగింది. పాప ఆమె కొంగు పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది.

హనుమకొండలో 19 ఏళ్లుగా సండే స్కూల్ చెబుతున్నాను. ఈ ప్రశ్న వినని ఏడాది లేదు. వేసవి సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ తరగతులు, అదే వీబీఎస్‌కు ముందు మరీ ఎక్కువ. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పది ఆజ్ఞల్లో రెండోదాని ప్రకారం క్రైస్తవ పిల్లలు బొమ్మలు గీయకూడదు.

వాస్తవం: బైబిల్లో నిర్గమకాండం 20వ అధ్యాయం 4వ వచనం ఏ రూపమూ చేసుకోకూడదంటుంది. అక్కడే ఆగిపోకండి, 5 కూడా చదవండి. సాగిలపడకూడదు, పూజించకూడదు అని అక్కడుంది. పూజించడానికి రూపం చేసుకోవద్దన్నదే ఆ ఆజ్ఞ. అదే పుస్తకం 25వ అధ్యాయంలో మందసం, అంటే ఆజ్ఞల పలకలుంచే పెట్టె, దాని మూత మీద రెండు బంగారు కెరూబులను, అంటే రెక్కలున్న దూతల రూపాలను చేయమని దేవుడే మోషేకు చెప్పాడు. 28లో యాజకుడి నిలువుటంగీ అంచుకు నీలం, ఊదా, ఎరుపు నూలుతో దానిమ్మపండ్లు చేయించమన్నాడు. నీలం రంగు దానిమ్మపండు ఏ తోటలోనైనా కాస్తుందా? ఒకప్పుడు ఒక పాప మట్టల ఆదివారం పాఠంలో యేసు ఎక్కిన గాడిదకు నీలం రంగు వేస్తే "గాడిద అట్ల ఉంటదా?" అని నేనే అన్నాను. పాప మాట్లాడకుండా దాని మీదే నలుపు రుద్దేసింది. ఆ వచనం చదివినప్పుడల్లా నాకు ఆ నల్లటి కాగితం గుర్తొస్తుంది.

ఇక 31వ అధ్యాయం. దేవుడు బెసలేలు అనే పనివాణ్ని పేరు పెట్టి పిలిచి తన ఆత్మతో నింపాడు. ఎందుకు? బంగారం, వెండి, ఇత్తడి పని చేయడానికి, రత్నాలు చెక్కడానికి, కొయ్యపని చేయడానికి. చేతిపని ఆత్మ ఇచ్చిన వరం అని ఇంత సూటిగా రాసి ఉంటే, మనం పిల్లల చేతిలో పెన్సిల్ లాక్కుంటున్నాం. ఈ భాగం చెప్పే రోజు మా ఇంట్లోని పెంబర్తి ఇత్తడి పళ్లెం తీసుకెళ్తాను. జనగామ పక్క ఊరిది కాబట్టి పిల్లలకు పేరు తెలుసు. ముందు వైపు పువ్వు ఉబ్బెత్తుగా ఉంటుంది, వెనక్కి తిప్పితే సుత్తి దెబ్బల లొట్టలు. వేళ్లతో తడిమి చూస్తారు. బెసలేలు ఎంత కష్టపడ్డాడో ఇక విడిగా చెప్పే పని ఉండదు.

"మరి మోషే చేసిన ఇత్తడి సర్పాన్ని హిజ్కియా రాజు పగలగొట్టాడు కదా?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. మోషే దాన్ని దేవుడు చెప్తేనే చేశాడు. తరాలు గడిచాక జనం దానికి ధూపం వేయడం మొదలుపెట్టారు, అందుకే పగలగొట్టాడు. రెండో రాజులు 18:4లో కారణం స్పష్టంగానే ఉంది. మీ పాప నోట్‌బుక్ ముందు ఎవరూ ధూపం వేయడం లేదు. మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. అక్కడి మూడు పెద్ద రంగుటద్దాల కిటికీల్లో యేసు పుట్టుక, సిలువ, ఆరోహణం కనిపిస్తాయి. ఎండ బయటి నుంచి పడితేనే ఆ బొమ్మలు వెలుగుతాయి, పొద్దుగూకితే నల్లబడిపోతాయి. వాటి కింద కూర్చుని వాక్యం వినే మనమే ఇంటికొచ్చి పిల్లల క్రేయాన్లు దాచేస్తే ఎలా?

విగ్రహాలు వదిలి వచ్చిన మొదటి తరం విశ్వాసులకు ఈ భయం ఎక్కువ. వాళ్లను నేను ఒక్క మాట కూడా అనను. పిల్లలు తప్పిపోకూడదనే వాళ్ల ఆరాటం. నాకు కోపమల్లా వచనం తెరిచి చూడకుండా వాట్సాప్‌లో "డ్రాయింగ్ పాపం" అని పంపేవాళ్ల మీదే. వాళ్లు ఒక మెసేజ్ పంపి ఊరుకుంటారు. ఇంట్లో నోట్‌బుక్ చిరుగుతుంది.

అలా చిరిగిన బొమ్మ ఒకటి నా దగ్గరుంది. ఆరో తరగతి పిల్లాడు గీసింది, యేసు శిష్యుడు పేతురు నీళ్లలో మునిగిపోతున్న బొమ్మ. నీళ్లు ముక్కు దాకా వచ్చాయి. కాగితం పక్క నుంచి ఒక చెయ్యి మాత్రం లోపలికి వచ్చింది. యేసయ్య మొహమేదిరా అంటే, "మునిగేటోనికి మొహం కనబడదు గద అక్కా, చెయ్యే కనబడ్తది" అన్నాడు. ఎన్నేళ్లుగా మత్తయి 14 చదువుతున్నానో, నాకెప్పుడూ తట్టని మాట అది. వచ్చే వారం సంఘంలో అందరికీ చూపిద్దామని ఇంటికి పంపాను. మళ్లీ ఆదివారం వాళ్లమ్మ నాలుగు ముక్కలు ప్లాస్టిక్ కవర్లో తెచ్చింది. ఎవరో చెప్తే భయపడి చింపిందట. వాడు రాత్రంతా ఏడ్చేసరికి ఆమెకూ మనసొప్పలేదు. మైదా బంకతో అతికించాం కానీ చెయ్యి ఉన్న ముక్కలో ఒక చీలిక దొరకలేదు. వాడు సండే స్కూల్‌కు రావడం మానలేదు, కంఠత వాక్యాలూ తప్పకుండా చెప్పేవాడు. పెన్సిల్ మాత్రం మళ్లీ పట్టలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: కంఠత వాక్యాలు వస్తే విశ్వాసం ఉన్నట్టే. వాస్తవం: కంఠత కావాలి, నేనూ చెప్పిస్తాను. కానీ ఆ వాక్యం తన మాటల్లో, తన చేతుల్లో ఎలా బయటికొస్తుందో కూడా చూడాలి.

అపోహ: ప్రశ్నలడిగే పిల్లలకు భక్తి తక్కువ. వాస్తవం: పన్నెండేళ్ల యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని ప్రశ్నలడిగాడు, లూకా 2:46. జవాబు తెలియకపోతే "తెలుసుకుని చెప్తా బిడ్డా" అనండి, చాలు.

అపోహ: కుటుంబ ప్రార్థన గంట ఉండాలి. వాస్తవం: పదిహేను నిమిషాలు చాలు. ద్వితీయోపదేశకాండం 6:7 ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమంది. బండి మీద స్కూల్లో దింపేటప్పుడు చెప్పిన కథ కూడా లెక్కలోకే వస్తుంది.

అపోహ: ఇదంతా టాలెంట్, డబ్బు ఉన్నవాళ్లకే. కాదు. మా చేర్యాల నకాషీ పటాలు చూశారా? గుడ్డ మీద వరసగా గళ్లు, ఒక్కో గడిలో కథలో ఒక్కో ఘట్టం. పటం విప్పుతూ కథ చెప్తారు. ఆ పద్ధతిలోనే మేం యోసేపు కథ చేయిస్తాం. రెండు చార్టులు పొడుగ్గా కోసి అతికించండి, ఎనిమిది గళ్లు గీయండి. రంగుల అంగీ, గుంట, చెరసాల, ఫరో కలలు, ఇలా ఏ గడిలో ఏముండాలో పిల్లలే తేల్చుకోవాలి. రెండు చివర్లకు చీపురు పుల్లల కట్ట కట్టి చుట్టేయండి. రాత్రి ప్రార్థనలో రోజుకొక గడి విప్పి వాళ్లనే చెప్పనివ్వండి. మధ్యలో సరిదిద్దకండి. అన్నల వరస తప్పినా పర్లేదు, అన్నలు తమ్ముణ్ని అమ్మేసినప్పుడు యోసేపుకు ఎలా అనిపించి ఉంటుందో అడగండి. ఆ జవాబు వినడానికే ఇదంతా.

మెట్ల దగ్గరి చెల్లెమ్మతో నోట్‌బుక్ చింపొద్దన్నాను. చివరి పేజీలో పాప నోవహు ఓడ గీసింది, కిటికీలోంచి ఒక మేక తల బయటపెట్టింది. ఇద్దరం అక్కడే నిలబడి చూశాం.

పేతురు బొమ్మ గీసిన ఆ పిల్లాడు ఇప్పుడు ఇంటర్. పోయిన డిసెంబరులో క్రిస్మస్ నక్షత్రం కట్టడానికి పిలిస్తే వచ్చాడు. వెదురు చీల్చి, పుల్లలు కొలిచి, దారంతో మూలలు గట్టిగా బిగించాడు. రెండు గంటలు తల ఎత్తలేదు. రంగు కాగితాలు ముందు పెట్టి ఏది అతికిద్దాం అని అడిగాను. "నీ ఇష్టం అక్కా" అన్నాడు. కాగితాలన్నీ వాడి దగ్గరే వదిలేసి నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్లాను.