సిమ్ కంపెనీ ఫోన్ ధర తగ్గిస్తుందా? అపోహలు - వాస్తవాలు

గాజువాకలో సెల్ షాపు నడుపుతున్నాను. కొనడానికి వచ్చినవాళ్లు నమ్మి చెప్పే మాటల్లో కొన్ని వాళ్ల జేబుకే చిల్లు పెడతాయి.

అపోహ: అమెరికాలో ఐఫోన్ 200 డాలర్లే, ఇక్కడే దోచుకుంటున్నారు.

వాస్తవం: 2012లో ఐఫోన్ 5 అక్కడ 199 డాలర్లకు దొరికిన మాట నిజమే, కానీ రెండేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెడితేనే. కాంట్రాక్టు లేకుండా అదే ఫోన్ 649. మధ్యలోని 450 నెట్‌వర్క్ కంపెనీ ముందు పెట్టుకుని, నెలనెలా బిల్లులో రాబట్టుకునేది. 2013లో టీ-మొబైల్ ఈ పద్ధతికి స్వస్తి చెప్పింది, మిగతా పెద్ద కంపెనీలూ తర్వాత అదే దారి పట్టాయి.

అపోహ: మన కంపెనీలు కావాలనే ఆ రాయితీ ఇవ్వడం లేదు.

వాస్తవం: ఇక్కడ పది సిమ్‌లలో తొమ్మిదికి పైగా ప్రీపెయిడ్. పైగా 2011 జనవరి నుంచి నంబరు మారకుండానే కంపెనీ మారిపోవచ్చు. వచ్చే నెల ఉంటాడో పోతాడో తెలియని కస్టమర్ ఫోన్ మీద ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? ఎప్పుడైనా పెట్టినా షరతుతోనే. 2017లో జియోఫోన్‌కి 1,500 డిపాజిట్ మూడేళ్ల తర్వాత వెనక్కి ఇస్తామన్నారు, అదీ ఏడాదికి కనీసం 1,500 రీఛార్జి చేస్తేనే.

2021లో జియోఫోన్ నెక్స్ట్ విడిగా కొంటే 6,499. వాయిదాల్లో అయితే ముందు 1,999, ప్రాసెసింగ్ ఫీజు 501, ఆపైన నెలకు 300 చొప్పున 24 నెలలు. మొత్తం 9,700. అందులో కాల్స్, డేటా కలిసి ఉన్నాయి కాబట్టి మోసం అనను. కానీ "రెండు వేలకే ఫోన్" అని విని వచ్చినవాళ్లకి కాగితం మీద ఈ కూడిక వేసి చూపించడం అమ్మేవాడి బాధ్యత. నేనైతే చూపించకుండా బిల్లు కొట్టను.

అపోహ: ధరంతా షాపువాడి చేతిలోనే ఉంటుంది.

వాస్తవం: 11,800 బిల్లు చూడండి, అందులో 1,800 జీఎస్‌టీ. 2020 ఏప్రిల్ 1న అది 12 నుంచి 18 శాతానికి పెరిగింది. లోపలి చిప్పులు చాలావరకు దిగుమతివే, డాలర్ పెరిగితే ఆ బరువూ ధర మీదే పడుతుంది.

అపోహ: అమ్మాయి అమెరికా నుంచి పంపింది కదా, మన సిమ్ వేసుకోవచ్చు.

వాస్తవం: అక్కడ నెట్‌వర్క్ కంపెనీ దగ్గర వాయిదాల్లోనో, చవక ప్రీపెయిడ్‌లోనో కొన్న ఫోన్ చాలాసార్లు ఆ కంపెనీ సిమ్‌కే లాక్ అయి ఉంటుంది. మధురవాడ నుంచి ఒక పెద్దాయన అలాంటిదే కొత్త పెట్టెతో సహా తెచ్చారు. సిమ్ వేయగానే "సిమ్ నాట్ సపోర్టెడ్" అని వచ్చింది. తీసేయాల్సింది ఆ కంపెనీయే, మా చేతిలో ఏమీ లేదు. అందుకే ఐఫోన్ అయితే పంపే ముందే సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లోకి వెళ్లి చూడమనండి, క్యారియర్ లాక్ ఎదురుగా "నో సిమ్ రిస్ట్రిక్షన్స్" అని ఉండాలి. ఇంకో సంగతి: ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకి సిమ్ ట్రే ఉండదు, ఫోన్ లోపలే ఉండే డిజిటల్ సిమ్, అంటే ఈ-సిమ్మే దిక్కు.

అపోహ: నెల ప్లాన్ అంటే ఏడాదికి 12 రీఛార్జులు.

వాస్తవం: 28 రోజుల ప్లాన్‌కి 13. అంటే 299 ప్లాన్‌కి రెండేళ్లలో 7,774, చిన్న స్మార్ట్‌ఫోన్ వచ్చే డబ్బు. కాల్స్ మాత్రమే చేసే అమ్మానాన్నలకి డేటా లేని ప్లాన్ అడగండి. అలాంటివి ఉంచాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కంపెనీలను ఆదేశించింది.