‘లావైపోతానని భయమా?’ అన్న ప్రశ్న వెనక కథ

ఈటింగ్ డిజార్డర్స్ (తిండి తీరు దెబ్బతినే మానసిక జబ్బులు) అంటే డబ్బున్న పాశ్చాత్య దేశాల తెల్ల అమ్మాయిలకు వచ్చే జబ్బు అని చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. ఈ నమ్మకం ఎక్కడ మొదలైందో చూద్దాం.

1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో చార్లెస్ లాసెగ్ అనే ఇద్దరు డాక్టర్లు, తిండి మానేసి ఎముకల గూడులా అయిపోతున్న యువతుల గురించి విడివిడిగా వివరించారు. అనోరెక్సియా నెర్వోసా అన్న పేరు గల్ పెట్టిందే. అయితే ఆ ఇద్దరి వర్ణనల్లోనూ లావైపోతామన్న భయం ఊసే లేదు! అది ఈ జబ్బుకు గుర్తుగా స్థిరపడింది 20వ శతాబ్దంలో. ఆ తర్వాత ఏ దేశంలో లెక్కపెట్టినా అదే కొలమానం.

హాంకాంగ్‌లో సింగ్ లీ అనే సైకియాట్రిస్టు, ఆయన సహచరులు 70 మంది అనోరెక్సియా పేషెంట్లను పరిశీలించి 1993లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో 41 మందికి లావు భయం లేదు, ఎందుకు తినట్లేదంటే కడుపు ఉబ్బరంగా ఉందనో, ఆకలి లేదనో, తినబుద్ధి కావట్లేదనో చెప్పారు. ‘లావైపోతానని భయమా?’ అన్న ప్రశ్ననే పట్టుకుని కూర్చుంటే వీళ్లంతా లెక్కలోకే రారు. అలా ఎంతమంది పొట్ట డాక్టర్ల చుట్టూ తిరిగి ఉంటారో తలుచుకుంటే బాధేస్తుంది.

అలాగని సంస్కృతి ప్రభావం లేదని కాదు. ఫిజీలో నడ్రోగా ప్రాంతానికి టీవీ వచ్చింది 1995లో. బొద్దుగా ఉండటాన్ని మెచ్చుకునే సమాజం అది. పరిశోధకురాలు యాన్ బెకర్ బృందం టీవీ వచ్చిన కొత్తలోనూ, మళ్లీ 1998లోనూ అక్కడి స్కూలు అమ్మాయిలను సర్వే చేస్తే, బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకునేవాళ్లు సున్నా నుంచి 11.3 శాతానికి చేరారు. సర్వే చేసింది చిన్న గుంపునే, అయినా మూడేళ్లలో అంత మార్పంటే నాకు భయమేసింది.

2013లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన డయాగ్నోసిస్ పుస్తకం ఐదో ఎడిషన్‌లో నియమం సడలించింది. లావు భయం ఉందని నోటితో చెప్పకపోయినా, బరువు పెరగకుండా అడ్డుకునే ప్రవర్తన కొనసాగుతుంటే చాలు. అదే ఎడిషన్‌లో అదుపు లేకుండా తినేసే బింజ్ ఈటింగ్‌కు కూడా విడిగా చోటు దొరికింది. ఈ సమస్య అమెరికాలో నల్లజాతి స్త్రీలలో తెల్లవాళ్లకు ఏమీ తీసిపోకుండా ఉంది, చికిత్స దాకా వచ్చేవాళ్లు మాత్రం వాళ్లలో తక్కువ.