ఇంగ్లండ్ పల్లె చర్చిలు, బాప్తిస్మపు తొట్లు: అపోహలు – వాస్తవాలు

ఇంగ్లండ్‌లో పాత చర్చిల మరమ్మతులు చూసే కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్‌ని. ఇక్కడ ఏ పల్లె చర్చికి వెళ్లినా దాని గురించి కథలు చెప్పేవాళ్లు ఒకరు తప్పకుండా దొరుకుతారు. వీకెండ్‌లో తిరిగొచ్చిన మన తెలుగువాళ్లు అవే కథలు నాకు చెప్పి, ‘నిజమేనా?’ అని అడుగుతుంటారు. వాటిలో చాలావరకు విక్టోరియా రాణి కాలంలో ప్రచారమైనవే.

అపోహ: బాప్తిస్మపు తొట్టి (బాప్తిస్మం ఇవ్వడానికి నీళ్లు పోసి ఉంచే రాతి తొట్టి) ఎంత పాతదైతే చర్చి కూడా అంత పాతది.

అలా చెప్పలేం. గోడలు, కిటికీలు, కప్పు అన్నీ 15వ శతాబ్దానివి, తొట్టి ఒక్కటే 12వ శతాబ్దానిది అయిన చర్చిలు ఎన్నో. చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఊరివాళ్లు చర్చిని విప్పి పెద్దది చేసుకున్నారు, తొట్టి జోలికి మాత్రం పోలేదు. ఎందుకంటే బాప్తిస్మం ఇచ్చే హక్కు పారిష్ చర్చిది, అంటే ఆ ప్రాంతపు ప్రధాన చర్చిది. చుట్టుపక్కల చిన్న చాపెళ్లకు (ఉపచర్చిలకు) మామూలుగా ఆ హక్కు ఉండేది కాదు. తొట్టి ఉందంటే ఆ హక్కు ఉన్నట్టే, అలాంటిదాన్ని ఎవరు పారేసుకుంటారు? తొట్టి చర్చిని వదిలి బయటికి పోయిన సందర్భాలూ ఉన్నాయి. గ్లాస్టర్‌షైర్‌లోని డీర్‌హర్స్ట్‌లో సుడులు సుడులుగా చెక్కిన ఆంగ్లో-శాక్సన్ తొట్టి 19వ శతాబ్దంలో ఒక రైతు ఇంటి దగ్గర దొరికింది.

అపోహ: తొట్టి మీద మూత దుమ్ము పడకుండా పెట్టింది.

మూత పెట్టింది దొంగల భయంతో. ఈస్టర్, పెంతెకొస్తు పండగల ముందురోజు దీవించిన నీళ్లను మార్చకుండా చాలాకాలం తొట్టిలోనే ఉంచేవారు. మంత్రాలకీ చేతబడికీ ఆ నీళ్లు పట్టుకుపోయేవాళ్లు ఉండేవారు. అందుకే 1236లో క్యాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఎడ్మండ్ రిచ్ తొట్లకు మూతలు పెట్టి తాళం వేయమని ఆదేశించాడు. ఆ తాళాల గుర్తులు చాలా తొట్లమీద ఇప్పటికీ కనిపిస్తాయి. అంచు మీద వేలు పెట్టి చుట్టూ ఒకసారి తిప్పండి. ఎదురెదురుగా రెండు చోట్ల రాయి పెచ్చు లేచి ఉంటుంది, లేదా వేరే రంగు రాతిముక్క అతికించి ఉంటుంది. అక్కడ బెజ్జం చేసి, ఇనుప కొక్కెం దించి, చుట్టూ సీసం కరిగించి పోశారు. కొన్నిచోట్ల కొక్కేన్ని పెరికేసినప్పుడు అంచు విరిగింది. కొన్నిచోట్ల తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి రాయిని చీల్చింది. కొత్తగా చూసేవాళ్లు దీన్ని చెక్కినవాడి పొరపాటు అనుకుంటారు, పాపం.

ఇక మూతల్లో రాజా అంటే సఫోక్‌లోని ఉఫర్డ్ చర్చిది. 15వ శతాబ్దపు చెక్కపని, 18 అడుగుల ఎత్తు. కింది భాగం పైకి జరిగి పై భాగం మీదికి ఎక్కుతుంది. కొసన తన రొమ్ము తానే పొడుచుకునే పెలికాన్ పక్షి. 1644లో విగ్రహాలు పగలగొట్టడానికే బయల్దేరిన విలియం డౌసింగ్ కూడా దీన్ని చూసి, పోపు మూడంతస్తుల కిరీటంలా ఉందని తన డైరీలో మెచ్చుకోలుగా రాసుకున్నాడు. మూత బతికిపోయింది.

అపోహ: ముక్కులు, తలలు విరిగిన బొమ్మలన్నీ 17వ శతాబ్దపు అంతర్యుద్ధంలో రాజు మీద పోరాడిన ఆలివర్ క్రామ్‌వెల్ సైనికుల పనే.

నార్‌ఫోక్, సఫోక్‌లలో ఏడు సంస్కారాలను (బాప్తిస్మం, పెళ్లి లాంటి క్రైస్తవ కర్మలను) చెక్కిన ఎనిమిది పలకల తొట్లు ఉన్నాయి. చాలావాటిలో ముఖాలు చెక్కేసి ఉంటాయి. ఆలివర్ క్రామ్‌వెల్ పుట్టకముందే, 16వ శతాబ్దంలో పోపుతో తెగదెంపులు చేసుకున్న రాజు ఎనిమిదో హెన్రీ, అతని కొడుకు ఎడ్వర్డ్ హయాంలలోనే పెద్ద విధ్వంసం జరిగిపోయింది. 1640లలో పార్లమెంటు పక్షంవాళ్లు మిగిలినవాటి మీద పడ్డారు. హెన్రీ మంత్రి థామస్ కూడా క్రామ్‌వెల్లే కావడంతో గందరగోళం ఇంకాస్త పెరిగింది.

అపోహ: చర్చి లోపల రాయి ఉత్తగా కనిపించడమే అసలు మధ్యయుగపు అందం.

ఆ ఉత్త రాయి చాలాచోట్ల విక్టోరియన్ల నిర్వాకం. లోపలి గోడలకు సున్నపు పూత ఉండేది, దాని మీద బొమ్మలు. తొట్లకీ రంగులు వేసేవారు. చెక్కడపు సందుల్లో ఎరుపు, ఆకుపచ్చ ఇప్పటికీ అక్కడక్కడ దొరుకుతాయి. యార్క్‌షైర్‌లోని పికరింగ్‌లో 15వ శతాబ్దపు గోడబొమ్మలు 1852లో బయటపడితే, అక్కడి ఫాదరీ వాటికి మళ్లీ వెల్ల కొట్టించేశాడు! తర్వాతి తరం వాటిని తిరిగి బయటికి తీసింది. పాత పూతల్ని గీకేసే ఈ పిచ్చిని ఆపడానికే విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణ సంఘం పెట్టాడు.

చిన్నాచితకావి టకటకా చెప్పేస్తాను. గోడలో కిందికి ఉండే చిన్న కిటికీ కుష్ఠు రోగుల కోసం కాదు. పూజ మధ్యలో గంట మోగితే బయటికి వినపడాలని పెట్టి ఉండొచ్చన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. మూసేసిన ఉత్తరపు తలుపు దయ్యం పారిపోయే దారీ కాదు. ఊరేగింపులు ఆగిపోయాక దాంతో పనిలేదు, పైగా చలిగాలి. బలిపీఠం ఉండే తూర్పు భాగం ఓ పక్కకి ఒరిగి ఉంటే, అది శిలువ మీద క్రీస్తు వాల్చిన తలకు గుర్తు అంటారు. వేర్వేరు కాలాల్లో కట్టిన భాగాలకు కొలత కుదరక వచ్చిన వంకర అది. కాలు మీద కాలు వేసుకుని పడుకున్న యోధుడి శిల్పం చూసి క్రూసేడ్‌కి వెళ్లొచ్చాడనుకోవడమూ అంతే.

చివరిది నాకు రోజూ టెన్షన్ పెట్టేది. అపోహ: రాళ్ల సందుల్లో సిమెంటు కూరితే గోడ గట్టిపడుతుంది.

ఆ గోడల్లో చేరిన తడి సందుల్లోని సున్నం గుండా ఆరిపోవాలి. సిమెంటు ఆ దారి మూసేస్తే తడి రాయిలోంచే వస్తుంది. వెంట ఉప్పు తెస్తుంది, చలికాలంలో గడ్డకడుతుంది, రాయి ముఖం పొడిపొడిగా రాలుతుంది. అలాంటి గోడని దగ్గరగా చూస్తే సిమెంటు గీతలు ముందుకు పొడుచుకుని, మధ్యలో రాయి లోపలికి తినేసి ఉంటుంది. గానుగ సున్నం పని ఎరిగిన మన పాత మేస్త్రీలకు ఇది చెప్పనక్కర్లేదు. అలాగని సిమెంటు కనిపించగానే సుత్తి, ఉలి తీయొద్దు. రాయిని బాగా పట్టేసినచోట బలవంతంగా పీకితే అంచులూ దాంతోపాటే ఊడొస్తాయి. పట్టు వదిలినచోట మాత్రం తీసి సున్నం పెట్టిస్తాం, మిగతాది అలాగే వదిలేస్తాం.