కరువు పనికి పౌండు గింజలు

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వాగుకు గండ్లు పడి, విజయవాడ సింగ్ నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. నీళ్లు పూర్తిగా తీయకముందే రెండు మాటలు మొదలయ్యాయి. ఏటి దారిలో ఇళ్లు కట్టుకోమని ఎవరు చెప్పారన్నది ఒకటి. మునగనివాళ్లు కూడా వరుసలో నిలబడి అన్నం పొట్లాలు పట్టుకుపోతున్నారన్నది రెండోది. ఆ తర్వాత ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తుల వారికి 10,000 రూపాయలు ప్రకటించింది. ఎన్యూమరేషన్, అంటే నష్టం లెక్క రాసుకునే సిబ్బంది ఇల్లిల్లూ తిరిగారు. జాబితాలో పేరు లేదని జనం రోడ్డెక్కారు.

మొదటి మాట కర్మ సిద్ధాంతమంత పాతది, దాని జోలికి ఇప్పుడు వెళ్లను. రెండోది వేరు. ఆపదలో చెయ్యి చాచినవాణ్ని ముందు దొంగగా అనుమానించి, కాదని తేలాకే పెట్టాలన్న ఆలోచన మన నేల మీద సర్కారు విధానంగా ఎలా స్థిరపడిందో చెప్పే కాగితాలున్నాయి. వాటిలో చాలావరకు 1877 నాటివి.

1876లో నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ముఖం చాటేశాయి. మద్రాసు రాజధానిలో, అంటే నాటి మద్రాసు ప్రెసిడెన్సీలో, బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. అది ధాతు నామ సంవత్సరం, అందుకే సీమలో ధాత కరువు అన్నారు. అంతకు ముందు 1832-33లో గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చిపెట్టిన కరువుకూ నందన కరువని సంవత్సరం పేరే మిగిలింది. జనం కరువును సంవత్సరం పేరుతో గుర్తుంచుకున్నారు. దొరల కాగితాల్లో మాత్రం కరువు కూలికి ఒక అధికారి పేరు అంటుకుంది. ఆయన సర్ రిచర్డ్ టెంపుల్.

ఈ టెంపుల్‌ను రాక్షసుడిగా చూపించడం సులువు. కానీ మూడేళ్ల ముందు ఆయన చేసిన పని చూస్తేనే కథ అర్థమవుతుంది. 1866 ఒరిస్సా కరువులో ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చుంటే సుమారు పది లక్షల మంది చనిపోయారు. దాంతో లండన్‌లో విమర్శలు చెలరేగాయి. 1873-74లో బీహారులో పంట పోయినప్పుడు బాధ్యత టెంపుల్ చేతికి వచ్చింది. ఆయన బర్మా నుంచి బియ్యం ఓడల్లో తెప్పించి ఊరూరికీ చేర్చాడు. ఆకలి చావులు దాదాపు లేకుండా గడిచింది. దానికి దక్కిన బహుమానం చీవాట్లు. ఇంత ఖర్చా, కూలివాణ్ని సోమరిగా మార్చావు అంటూ పత్రికలూ పెద్దలూ దుమ్మెత్తిపోశారు. జనం చనిపోతే ఒక తిట్టు, బతికితే ఇంకో తిట్టు. ఈ రెండో తిట్టు టెంపుల్‌కు ఎంత లోతుగా తగిలిందో కర్నూలు, బళ్లారి జనం అనుభవించి తెలుసుకున్నారు.

1877 జనవరి 1న వైస్రాయ్ లిట్టన్ ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు జరిపించాడు. విందులతో సహా. మద్రాసు ప్రభుత్వం సొంతంగా ధాన్యం కొనడం అప్పటికే ఆయనకు మింగుడు పడలేదు. వ్యాపారుల పనిలో సర్కారు వేలు పెట్టకూడదన్నది ఆయన మతం. ఖర్చుకు కళ్లెం వేయడానికి అదే నెలలో టెంపుల్‌ను కరువు ప్రతినిధిగా దక్షిణానికి పంపాడు. బీహారు మచ్చ కడుక్కోవడానికి టెంపుల్‌కు ఇంతకంటే మంచి అవకాశం ఎక్కడ దొరుకుతుంది?

కరువు పనికి, అంటే కరువు సాయం కింద సర్కారు పెట్టిన కూలి పనికి, వచ్చిన మగవాడికి రోజుకు ఒక పౌండు, అంటే సుమారు 450 గ్రాముల గింజలు, దాంతో పాటు కొద్ది చిల్లర చాలని ఆయన తేల్చాడు. ఆడవాళ్లకూ పిల్లలకూ ఇంకా తక్కువ. వండని గింజల లెక్క ఇది. అది తిని ఎండలో మట్టి తవ్వాలి, రాళ్లు కొట్టాలి. మద్రాసులో ప్రజారోగ్యం చూసే శానిటరీ కమిషనర్ డాక్టర్ విలియం కార్నిష్ దీన్ని ఎదిరించాడు. పనిచేసే మనిషికి కనీసం పౌండున్నర గింజలు, వాటితో పాటు పప్పు, కూరగాయలు ఉండాలని వాదించాడు. గింజ ఒక్కటే తిన్న ఒళ్లు నిలబడదని, శిబిరాల్లో మనుషులు శల్యమవుతున్న తీరు చూపి మరీ చెప్పాడు. కొన్ని వారాల వాదోపవాదాల తర్వాత మద్రాసు ప్రభుత్వం గింజలు కొంత పెంచి, పప్పు చేర్చింది. కార్నిష్ అడిగినంత మాత్రం ఇవ్వలేదు.

గింజల కొలత కంటే నన్ను ఎక్కువగా ఆపేది దాని వెనకున్న తర్కం. నిజంగా ఆకలిగొన్నవాడు ఎంత తక్కువకైనా, ఎంత దూరమైనా వస్తాడు, రానివాడికి అవసరం లేనట్టే. అందుకని పనిని ఊరికి దూరంగా పెట్టడం కూడా ఒక పరీక్షే. నడిచి వచ్చినవాడు నిజమైన బాధితుడు. నడవలేక దారిలో కూలిపోయినవాడు ఈ లెక్కలోకి ఎక్కడ వస్తాడో చెప్పిన దొర లేడు. ఈ తర్కం మన దగ్గర పుట్టిందీ కాదు. 1834లో ఇంగ్లండులో పేదల చట్టాన్ని మార్చినప్పుడు, సాయం అడగడమే కష్టంగా ఉండేలా వర్క్‌హౌస్‌లను, అంటే పేదలను ఉంచి పని చేయించే ఇళ్లను, తీర్చిదిద్దారు. దాన్నే సముద్రం దాటించి సీమ ఎండలో పెట్టారు.

ఆ రోజుల్లోనే డబ్ల్యు.డబ్ల్యు. హూపర్ అనే సైనికాధికారి కరువు బాధితుల ఫొటోలు తీశాడు. ఎముకల గూళ్లుగా మారిన మనుషులను వరుసగా కూర్చోబెట్టి, నిలబెట్టి, చట్రంలో అందంగా ఇమిడేలా సర్ది మరీ తీశాడు. పదేళ్ల లోపే బర్మాలో మరణశిక్షల వేళ కెమెరా పెట్టినందుకు ఇదే మనిషి మీద విచారణ జరిగింది. సాయం పొట్లం అందుకునే చేతికీ ఇచ్చే చేతికీ మధ్య ఫొటో కోసం కాసేపు ఆపే మన అలవాటు చూసినప్పుడల్లా నాకు హూపర్ గుర్తొస్తాడు.

కరువు తగ్గాక 1881 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా జనం పదేళ్ల కిందటి కంటే నాలుగో వంతుకు పైగా తగ్గారు. దక్షిణాదిన మొత్తం చావులు 50 లక్షలు దాటాయన్నది సాధారణంగా చెప్పే అంచనా. రిచర్డ్ స్ట్రేచీ అధ్యక్షతన కమిషన్ వేశారు, 1880లో నివేదిక వచ్చింది, 1883 నుంచి కరువు నియమావళులు తయారయ్యాయి. ప్రాణాలు కాపాడటం సర్కారు బాధ్యతేనని అవి ఒప్పుకున్నాయి. అది చిన్న మార్పు కాదు. కానీ ఒంట్లో సత్తువ ఉన్నవాడు పనిచేసి తన అవసరాన్ని నిరూపించుకోవాలన్న సూత్రం అలాగే మిగిలింది. స్వాతంత్ర్యం తర్వాత రాష్ట్రాలు రాసుకున్న కరువు మాన్యువళ్లు ఈ నియమావళుల మీద నిలబడ్డవే.

2005 విపత్తు నిర్వహణ చట్టం భాష మారింది. 12వ సెక్షన్ కనీస సాయంలో తిండి, నీళ్లు, వైద్యం, నీడ ఉండాలంటుంది. లెక్క కట్టే కాగితం మాత్రం మారలేదు. పంట నష్టానికి సాయం రావాలంటే 33 శాతం పోవాలి, 2015కు ముందు 50 శాతం పోవాల్సి వచ్చేది. 30 శాతం పోయిన రైతు నష్టపోనట్టే. పరీక్షలు వద్దని నేను అనడం లేదు, దొంగ బిల్లులు పెట్టేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. కాకపోతే అనుమానపు భారం మోయాల్సింది ఎవరన్నది ప్రశ్న. తుపాను వెళ్లాక గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఎన్యూమరేషన్ జరిగినప్పుడు చూడండి. నీళ్లలో పడుకున్న వరి కౌలు రైతుది. విత్తనం, ఎరువు, అప్పు అతనివి. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు వేరొకరిది. కౌలు కార్డు ఉందా అని అడుగుతారు. దాని మీద భూయజమాని సంతకం పెట్టలేదు.