ఎలుకల నుంచి వచ్చే హంటా జ్వరం: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎలుక కరిస్తేనే జబ్బు.
కాటు వల్ల రావడం అరుదు. ఈ జబ్బు తెచ్చే హంటా వైరస్ ఎలుక మూత్రం, పెంటికలు, ఎంగిలిలో ఉంటుంది. చెనిక్కాయల మూటలు పేర్చి నెలల తరబడి మూసిన కొట్టంలో అవి ఎండిపోతాయి. తలుపు తీయగానే చీపురు పట్టారంటే ఆ దుమ్ము నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దయచేసి పొడిగా ఊడ్చకండి.

ముందు తలుపులు, కిటికీలు తెరిచి అరగంట బయటే ఉండండి. రబ్బరు గ్లౌజులు తొడగండి. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ లీటరు నీళ్లకు 16 గ్రాములు కలిపి, పైకి తేరిన నీళ్లు పెంటికల మీద మెల్లగా పోయండి. పది నిమిషాలు నాననిచ్చి పాత పేపర్లతో ఎత్తి, కవరులో కట్టేయండి. గ్లౌజులు తీసేముందే సబ్బుతో కడగండి. ఎప్పుడో తెరిచిపెట్టిన పౌడర్‌లో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది. ఘాటు లేకపోతే వాడొద్దు. బాత్రూమ్ యాసిడ్ మాత్రం ఎప్పుడూ కలపకండి, విషవాయువు పుడుతుంది.

అపోహ: ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే చాలు.
చాలదు. ఎన్‌-95 మాస్కు కావాలి. అది పెట్టుకున్నా తడపడం తప్పదు.

అపోహ: ఇది విదేశాల జబ్బు.
పేరు కొరియాలోని హంటాన్ నదిది. కానీ ఈ జాతి వైరస్ ఒకటి 1964లోనే చిత్తూరు పక్కనున్న వేలూరులో చుంచులో దొరికింది. దానివల్ల మనుషులకు జబ్బు చేస్తుందని రుజువు కాలేదు. మన దగ్గర ఇలాంటి జ్వరాలకు స్క్రబ్ టైఫస్ (నల్లి లాంటి చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం), లెప్టోస్పైరోసిస్ (ఎలుక మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే జ్వరం), డెంగీ కారణాలు కావడమే ఎక్కువ. మొదటి రెంటికీ డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పనిచేస్తుంది, హంటాకు పనిచేయదు.

అపోహ: ప్లేట్‌లెట్లు పడిపోతే డెంగీయే.
పై నాలుగింటిలోనూ పడిపోవచ్చు. హంటాలో సాధారణంగా ఎలుకల చోట తిరిగిన ఒకటి రెండు వారాలకు జ్వరం మొదలవుతుంది, ఒక్కోసారి 8 వారాలూ పట్టవచ్చు. అందుకే కొట్టం శుభ్రం చేసిన సంగతి డాక్టరుకు మీరే చెప్పండి, అడిగేదాకా ఆగకండి.

అపోహ: జ్వరం దిగితే గండం గడిచినట్టే.
కిడ్నీలను దెబ్బతీసే రకంలో అసలు గండం అప్పుడే. జ్వరం దిగుతుండగా బీపీ పడిపోతుంది, తర్వాత మూత్రం తగ్గుతుంది. రోజుకు 400 మిల్లీలీటర్ల లోపుకు వచ్చిందంటే కిడ్నీలు దెబ్బతిన్నట్టే. ఆ దశలో నీరసమని ఊళ్లోనే సెలైన్ బాటిళ్లు ఎక్కిస్తే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలను ఇంకా దెబ్బతీస్తాయి. తిరుపతిలో స్విమ్స్ లాంటి, డయాలసిస్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి.

అపోహ: ఎలుకల మందు పెడితే సరి.
మందు తిన్న ఎలుక అటక మీదో గోడ సందులోనో చచ్చి పడుతుంది. బోను మేలు. చచ్చినదాన్ని కూడా బ్లీచింగ్ నీళ్లతో తడిపాకే ఎత్తాలి. దారి మూయకపోతే వారంలో ఇంకోటి వస్తుంది: చిట్టెలుకకు పెన్సిల్ పట్టేంత కంత చాలు. గిన్నెలు తోమే స్టీల్ పీచు కుక్కి, పైన సిమెంటు పూయండి. ఉత్త గుడ్డలు కుక్కితే కొరికేస్తాయి.