పాలిష్ రుద్దేటప్పుడు నీళ్లా, నూనెనా?

సిరోంచ

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాత దీవెనలు.

టేకు బల్లకు పాలిష్ అయిపోయింది, ఇక వాటర్ పేపర్‌తో (తడిపి వాడే గరుకు కాగితంతో) నున్నగా రుద్దుతాం, నీళ్లు పెట్టాలా నూనె పెట్టాలా అని అడిగారు. తొందరపడి రుద్దకుండా ముందు అడిగినందుకు నాకు చాలా సంతోషమైంది.

పొడిగా రుద్దితే లేచిన పొడి పేపర్‌లో ఇరుక్కుని ఉండకడుతుంది. ఆ ఉండలే బల్ల మీద గీతలు పెడతాయి. తడి ఉంటే పొడి తేలిపోతుంది. కానీ అన్ని తడులూ ఒకటి కావు. నీళ్లు పెడితే పేపర్ చురుగ్గా కోస్తుంది, నూనె పెడితే నెమ్మదిగా కోస్తుంది, రంగుల్లో కలిపే టర్పెంటైన్ ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది.

అసలు తేల్చుకోవలసింది బల్ల మీద ఉన్నది ఏ పాలిష్ అని. తెలియకపోతే బల్ల అడుగున, కనబడని చోట, దూదితో చుక్క స్పిరిట్ అద్ది చూడండి. మెత్తబడి జిగురు తేలితే అది లక్కతో చేసిన స్పిరిట్ పాలిష్ కావచ్చు. మోదుగ, రేగు కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే లక్కే అది. దానిమీద నీళ్లు నిలిస్తే తెల్లమచ్చలు పడతాయి. ప్రాణహిత పొంగే రోజుల్లోనైతే గాలిలో తేమకే తెల్లబారుతుంది. సబ్బునీళ్లు ఇంకా చేటు, ఎందుకంటే లక్క క్షారంలో కరుగుతుంది. పేపర్ బాగా జారాలంటే సబ్బు కలపమని ఎవరైనా చెబితే, పి.యు. (పాలీయురిథేన్ అనే ప్లాస్టిక్ లాంటి పూత) పాలిష్‌కు సరే, లక్కకు మాత్రం వద్దు. లక్కకు టర్పెంటైన్ గానీ, మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ నూనె గానీ వాడండి. రెండూ కలిపి వాడటం నాకు ఇష్టం: కోత చేతి అదుపులో ఉంటుంది. అవిసె నూనె వద్దు, అది ఆరి బంకలా పట్టుకుంటుంది.

పి.యు. మీద నీళ్లు పెట్టవచ్చు. కానీ దాని పూతలు లక్కలాగా ఒకదానిలో ఒకటి కరిగి కలవవు. ఎక్కువ కోస్తే పై పూత తెగి, కింది పూత చుట్టూ వలయంలా గీత కనబడుతుంది. అంచుల దగ్గర పూత పలచన కాబట్టి అక్కడ నూనెకు మారండి, చేతి బరువు తగ్గించండి.

ఒకటి మరిచిపోకండి: తడిగా ఉన్నప్పుడు ప్రతి బల్లా మెరుస్తుంది. అందుకే అప్పుడప్పుడు తుడిచి, ఆరనిచ్చి, వెలుగుకు అడ్డంగా వంగి చూడండి. పేపర్ నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది; 600 పేపర్ గీతలు పోకముందే 1000కి వెళ్తే చివరిదాకా అవి అలాగే ఉంటాయి.

పాలిష్ వేసి ఎన్ని రోజులైందో రాయలేదు. గోరు నొక్కితే గుర్తు పడితే ఇంకా ఆగండి. రుద్దేటప్పుడు కిటికీలు తీసి ఉంచండి. టర్పెంటైన్ దగ్గర పొయ్యి గానీ అగ్గిపుల్ల గానీ ఉండకూడదు. దాంతో తడిసిన గుడ్డలు ముద్దగా పడేయకుండా బయట ఆరేయండి.

మీ తాత